ఆదివారం మగబల్లిని తేవద్దు

ప్రొద్దుటూరు

చిరంజీవి శరత్‌ చంద్రకు చిన్నమ్మ ఆశీస్సులు.

ఫోన్లో చెబితే నవ్వేస్తావని రాస్తున్నాను. నువ్వు నా దగ్గర వదిలిన పెంపుడు బల్లి జత కలిపే తూకానికి వచ్చిందని చెప్పింది నేనే. ఆ మాట పట్టుకుని, ఆదివారం పులివెందుల నుంచి మగదాన్ని తెచ్చి జత కలుపుతానన్నావు. తేవద్దు.

మాది బంగారం అంగడి కదా, త్రాసు చెబితే చాలనుకున్నాను. ఈ రోజు అరచేతిలో పెట్టుకుని చూస్తే పొట్ట ఉబ్బింది, తోక మాత్రం సన్నబడింది. పొట్ట చర్మం కింద లేత గులాబీ గుండ్రాలు కనిపించాయి. మగది లేకున్నా ఆడవి గుడ్లు కడతాయట. పెరిగిన బరువు వాటిదే, ఒంటి బలం కాదు. ఈ జాతికి బలమంతా తోకలో దాచుకునే కొవ్వే, అది లేనిది కాన్పు మీద కాన్పు తట్టుకోలేదు. నీ మొదటి బల్లి కడుపులో గుడ్డు అడ్డుపడి చచ్చిపోయినప్పుడు నువ్వు అన్నం ముట్టలేదని అక్క చెప్పింది.

"బల్లికి గూడా శ్రీమంతం చేసేట్టుండావే నువ్వు" అంటోంది మా అత్త. అననీ.

తోక మెడంత లావయ్యేదాకా పురుగులకు కాల్షియం పొడి అద్ది మేపుతాను. ఆదివారం నువ్వొక్కడివే వచ్చి, నీ కళ్లతో చూడు. అప్పటికీ జత కలుపుతానంటే దీన్ని నీకు తిరిగివ్వను.

నీ చిన్నమ్మ