కస్టమర్ రిక్వెస్ట్

మార్చి 4, బుధవారం

వదిన కార్డు హిస్టరీ చూడమంటున్నాడు అన్నయ్య. పొద్దున్న నేను షూ లేసులు కట్టుకుంటుంటే పక్కన గొంతుక్కూర్చుని, నా మొహం చూడకుండా షూ వైపు చూస్తూ అడిగాడు. వదిన పని చేసే పళ్ల డాక్టరు క్లినిక్ ఇక్కడికి రెండు స్టేషన్లే. అలాంటప్పుడు కార్డు ఇంత తొందరగా ఎందుకు ఖాళీ అవుతోంది, రీచార్జ్ మెసేజ్‌లు తనకి ఇన్నెందుకు వస్తున్నాయి అని. వదిననే అడగొచ్చు కదా అన్నాను. అడిగితే చెప్తుందా, నీకు ఒక్క నిమిషం పని కదే అన్నాడు.

నిజమే, ఒక్క నిమిషం పని. రైలు కార్డుల హెల్ప్ కౌంటర్లో ఏళ్లుగా నేను చేస్తున్నది అదే. పోయిన కార్డులు, పని చేయని కార్డులు, గేటు రెండుసార్లు డబ్బులు కోసేసిందని పోట్లాటకొచ్చేవాళ్లు. నంబరు కొడితే చాలు, మనిషి ఎక్కడ ఎక్కిందో ఎక్కడ దిగిందో తెర మీద వరసగా వచ్చేస్తుంది. కానీ ఆ మనిషే వచ్చి అడిగితేనే చూడాలి. అది రూలు.

కుదరదన్నాను. కొంచెం గర్వంగానే అన్నాను.

యూనిఫాం చొక్కాకి గుండీ ఊడింది. కుట్టమంటే సూది కనిపించట్లేదంది అమ్మ. ఒకప్పుడు వీధి వీధంతటికీ బట్టలు కుట్టిన మనిషి. పిన్నీసు పెట్టుకుని వెళ్లాను. వచ్చి చూస్తే బల్ల మీద పెట్టిన గుండీ కూడా లేదు. ఈ ఇంట్లో ఏదీ పెట్టిన చోట ఉండదు.

మార్చి 5, గురువారం, మధ్యాహ్నం

చూశాను.

కౌంటర్ ముందు ఎవరూ లేనప్పుడు. కార్డు నంబరు అన్నయ్య నిన్ననే మెసేజ్ చేసి పెట్టాడు. హిస్టరీ తెరిచే ముందు సిస్టమ్ కారణం అడుగుతుంది. డబ్బు తేడా, కార్డు పోయింది, పోలీసు విచారణ, కస్టమర్ రిక్వెస్ట్. ఉన్నవి అంతే. మా అన్నయ్య బుర్ర తింటున్నాడు అన్నది అందులో లేదు. కస్టమర్ రిక్వెస్ట్ నొక్కాను.

ప్రతి మంగళవారం, ప్రతి గురువారం. వదినకి మధ్యాహ్నం షిఫ్టు ఉండే రోజులు. పొద్దున్న అన్నయ్యా నేనూ ఆఫీసులకి వెళ్లాక మా ఇంటి దగ్గర స్టేషన్లో ఎక్కుతుంది, ఎర్ర లైను చివరి స్టేషన్లో దిగుతుంది. రెండు గంటలుండి తిరిగొస్తుంది. ఆ తర్వాత ఏమీ ఎరగనట్టు క్లినిక్‌కి.

ఇక్కడ కూడా నిజం రాయకపోతే ఇంకెక్కడ రాస్తాను. నాకు బాధ కలగలేదు. లోపలెక్కడో సంబరంగా అనిపించింది. ఆవిడ ఈ ఇంటికొచ్చిన దగ్గర్నుంచి అమ్మకి నాకంటే వదినంటేనే ప్రాణం. దేనికైనా మీ వదిన్ని చూసి నేర్చుకోవే అంటుంది. ఇదిగో, నేర్చుకోవడానికే చూశాను. ఆడబిడ్డ అర్ధమొగుడని ఊరికే అనలేదు పెద్దలు.

మార్చి 5, సాయంత్రం

చెప్పేశాను. నా పేరు బయటికి రాకూడదని ఒట్టు వేయించుకున్నాను.

మార్చి 7, శనివారం

ఇల్లు ఇల్లులా లేదు. తలుపేసుకుని పోట్లాడుకున్నారు. పోట్లాట అనకూడదేమో, అన్నయ్య గొంతే వినిపించింది. తెలిసినవాళ్లెవరో వదిన్ని చివరి స్టేషన్లో చూశారట, ఒకసారి కాదట, ఎవర్ని కలవడానికి వెళ్తున్నావని. చివరికి వదిన, నేను తప్పేం చెయ్యలేదండీ, ఇంతకన్నా చెప్పలేను అంది. చెప్పలేనంటే ఏమిటర్థం అని మళ్లీ మొదలు.

హాల్లో అమ్మ టీవీ గట్టిగా పెట్టుకుని కూర్చుంది. ఏం గొడవే అంటే డబ్బు గొడవలే అమ్మా అన్నాను. టీ కప్పు బల్ల అంచున సగం గాల్లో పెట్టింది. పడి పగిలింది. ఈమధ్య ఇదే వరస. కళ్లెక్కడ పెట్టుకున్నావమ్మా అని కసిరాను.

వదిన బయటికొచ్చి ముక్కలు ఏరింది. కళ్లు ఉబ్బి ఉన్నాయి. తర్వాత రోజూలాగే నా లంచ్ బాక్సు సర్ది చేతికిచ్చింది. మూత సరిగ్గా పట్టట్లేదు, బ్యాగులో నిలువుగా పెట్టుకో అంది.

బాక్సు తెరిచాను కానీ తినబుద్ధి కాలేదు. చిల్లరకి ఇచ్చేశాను. చిల్లర అంటే పక్క కౌంటర్ అతను. వచ్చిన ప్రతివాళ్లనీ చిల్లర అడుగుతాడని పెట్టిన పేరు.

మార్చి 9, సోమవారం

వదిన ఫోన్లో లైవ్ లొకేషన్ పెట్టించాడు అన్నయ్య. అతనికిది కొత్త కాదు. పోయినేడు అమ్మ ఎస్కలేటర్ మీద పడినప్పుడు ఆవిడ కార్డుని తన ఫోనుకి కలిపేశాడు. అమ్మ గేటు దాటితే చాలు, అతనికి మెసేజ్ వస్తుంది. వెంటనే ఫోను, ఎక్కడికి, ఎందుకు, ఒక్కదానివేనా అని. వీడు నన్ను పార్శిల్ చేశాడే, పుట్టినప్పుడు కోసిన బొడ్డుతాడు తెచ్చి ఇప్పుడు నా మెడకి కట్టాడు అని అమ్మ నవ్వేది. ఆ మెసేజ్‌లు వచ్చి చాలా రోజులైంది. అమ్మ ఇల్లు కదలడం మానేసింది, హాయిగా ఉంది అంటాడు అన్నయ్య.

ఇప్పుడు వదిన కూడా పార్శిలే. క్లినిక్ పక్కన మందుల షాపుకి వెళ్లినా ఫోను.

కౌంటర్లో ఇవాళ ఒకాయన భార్య కార్డు హిస్టరీ కావాలన్నాడు. ఆవిడే రావాలి సార్, ప్రైవసీ రూల్ అన్నాను. మొగుడి దగ్గర కూడా ప్రైవసీయేనా అని గొంతు పెంచాడు. ముఖ్యంగా మొగుడి దగ్గరే సార్ అన్నాను. చిల్లర బల్ల చరిచి శభాష్ అన్నాడు. నాకు సిగ్గుతో తల ఎత్తబుద్ధి కాలేదు. ఎవర్ని చూసినా వదిన మొహమే కనిపిస్తోంది.

మార్చి 10, మంగళవారం

పదకొండున్నరకి అన్నయ్య ఫోను. గొంతులో గెలిచిన సంతోషం. చూశావా, ఇవాళ మంగళవారం, అయినా మీ వదిన ఇంట్లోనే ఉంది, మ్యాప్ మీద చుక్క కదల్లేదు, భయం పెడితే అంతే అన్నాడు.

ఫోను పెట్టేసి మళ్లీ చూశాను. ఎందుకు చూశానో తెలియదు. ఎంగిలి చేసిన కంచమే కదా, ఇంకో ముద్ద తింటే ఏమైంది అనుకున్నానేమో. కస్టమర్ రిక్వెస్ట్.

కార్డు పది నిమిషాల క్రితం మా స్టేషన్లో గేటు దాటింది.

అమ్మ దొంగా, ఫోను ఇంట్లో పెట్టి వెళ్లిందన్నమాట అనుకున్నాను. నిర్ధారించుకుందామని వదిన నంబరుకి చేశాను. ఎత్తింది. వెనక వాషింగ్ మెషీన్ చప్పుడు, మా ఇంటిదే, తిరిగినప్పుడల్లా గోడకి కొట్టుకుంటుంది. ఏంటి, బాక్సు మర్చిపోయావా అంది. అమ్మ ఏం చేస్తోందని అడిగాను, ఏదో ఒకటి అడగాలని. పడుకున్నారు అంది.

మా అమ్మ పగలు పడుకోదు.

మార్చి 12, గురువారం

షిఫ్టు మార్చుకుని చివరి స్టేషన్లో గేట్ల అవతల నిలబడ్డాను. రైలు ఆగింది. జనమంతా దిగిపోయాక, చిట్టచివర అమ్మ.

చేతిలో తెల్ల కర్ర. మడత పెట్టేది. మెట్ల మొదట దాన్ని విప్పి, అటూ ఇటూ నేలకి ఆనించుకుంటూ వస్తోంది. నా ముందు నుంచే వచ్చింది. నేను కొంచెం పక్కకున్నాను, అంతే, నన్ను చూడలేదు. గేటు దగ్గర కర్రతో అంచు వెతుక్కుని, సంచిలోంచి కార్డు తీసి, బొటనవేలితో దాని మూల తడుముకుని, ఏ వైపో తెలుసుకుని పెట్టింది. ఆ మూల మీద ఒక గుండీ అతికించి ఉంది. నా చొక్కా గుండీ.

అమ్మా అన్నాను. ఉలిక్కిపడింది. ఇన్నాళ్లుగా పక్కనుంచి పిలిస్తే ఉలిక్కిపడుతోంది, మతిమరుపనుకున్నాను. ఒకే గదిలో పడుకుంటాం మేమిద్దరం.

బెంచీ మీద కూర్చోబెట్టుకుని చెప్పింది. చూపు పక్కలనుంచి మూసుకొస్తోందట, ఇప్పుడు గొట్టంలోంచి చూసినట్టు ఎదురుగా ఉన్నదే కనిపిస్తుందట, అది కూడా ఎన్నాళ్లో డాక్టరు చెప్పలేనన్నాడట. మొదట కనిపెట్టింది వదిన. డాక్టరుకి చూపించింది వదిన. ఈ స్టేషన్ పక్కనే కర్రతో నడక నేర్పుతారు. అమ్మ కార్డుతో వస్తే అన్నయ్యకి మెసేజ్ వెళ్తుంది కాబట్టి వదిన తన కార్డు ఇచ్చింది. ఎవరికీ చెప్పనని అమ్మకి మాటిచ్చింది. వాడికి తెలిస్తే నన్ను మంచానికి కట్టేస్తాడే, చూపు పోయేలోపు నడక నేర్చుకోనీ, తర్వాత నేనే చెప్తాను అంది అమ్మ.

ఇంట్లో గొడవ డబ్బు గురించి కాదని, వదిన ఇక్కడెవర్నో కలుస్తోందని అన్నయ్య అనుమానమని అప్పుడు చెప్పాను. అమ్మ మొహం పాలిపోయింది. నా కోసమా అది మాటలు పడుతోంది అంది. తర్వాత, వాడికెవరు చెప్పారు అంది.

నేనే అన్నాను.

ఒక్క మాట తిట్టినా బాగుండేది. లేచింది. చెయ్యి పట్టుకోబోయాను. అలా పట్టుకుని లాగకూడదంది. నా మోచెయ్యి పైన తనే పట్టుకుని, ఒక అడుగు వెనకగా, క్లాసు వరకూ నడిచింది.

మార్చి 13, శుక్రవారం

అమ్మ అన్నీ చెప్పేసింది. కర్ర తీసి బల్ల మీద పెట్టి మరీ. అన్నయ్య చిన్నపిల్లాడిలా ఏడ్చాడు. ఏడుపు ఆగగానే, ఇక ఒక్కదానివీ ఎక్కడికీ వెళ్లొద్దన్నాడు. అమ్మ, అందుకేరా చెప్పలేదు అంది.

తర్వాత వదిన్ని క్షమించమన్నాడు. లైవ్ లొకేషన్ తీసెయ్యమని బతిమాలాడు. ఉండనివ్వండి, అలవాటైపోయింది అంది వదిన.

ఇప్పుడు తట్టింది నాకు. వదిన ఎప్పుడూ చివరి స్టేషన్‌కి వెళ్లలేదు. వెళ్లని మనిషిని అక్కడ ఎవరూ చూడలేరు. అక్కడికి వెళ్లింది కార్డు. కార్డు చెప్పే సంగతులు ఈ ఇంట్లో ఎవరికి తెలుస్తాయి? తలుపు వెనక ఆ మాట విన్న నిమిషమే వదినకి అర్థమైపోయి ఉంటుంది. అర్థమయ్యే, బయటికొచ్చి నా బాక్సు సర్దింది. మూత సంగతి చెప్పింది.

మార్చి 14, శనివారం

బాక్సు నేనే సర్దుకున్నాను.

మార్చి 16, సోమవారం

సూపర్వైజర్‌ దగ్గరికెళ్లి చెప్పాను. ఇలా ఇంట్లో మనిషి కార్డు చూశాను, కారణం అబద్ధం పెట్టాను, రెండుసార్లు అని. ఆయన తలుపు వైపు చూసి నెమ్మదిగా మాట్లాడమన్నాడు. ఎవరు చూడరమ్మా, నేను మా అల్లుడిది చూడలేదా, ఇవన్నీ పట్టించుకుంటే ఉద్యోగాలు చెయ్యగలమా అన్నాడు. నవ్వాడు కూడా. గుండీ కుట్టించుకో, పిన్నీసు బాగాలేదు అన్నాడు.

ఉద్యోగం పోతుందని భయపడుతూ వెళ్లాను. శిక్ష కూడా దొరకలేదు.

మార్చి 17, మంగళవారం

వదిన కౌంటర్‌కి వచ్చింది. టోకెన్ తీసుకుని, క్యూలో నిలబడి. అమ్మ ఆవిడ మోచెయ్యి పట్టుకుని వెనకే ఉంది. చిల్లర కౌంటర్ ఖాళీ అయినా అటు వెళ్లలేదు, నా వంతు వచ్చేదాకా ఆగింది.

ఈ కార్డు రద్దు చేసి, పేరూ ఫోన్ నంబరూ లేని కార్డులు రెండు ఇస్తారా మేడమ్ అంది. ఒకటి మా అత్తగారికి అంది.

ఏడేళ్లుగా నన్ను ఏమే, ఒసేయ్ అన్న మనిషి. జ్వరమొస్తే తల ఒళ్లో పెట్టుకున్న మనిషి. మీరు అంది నన్ను. మీ దగ్గర పెన్నుందా అండీ అంది. వెటకారం కాదు. ఉంటే బాగుండేది.

రద్దుకి కూడా సిస్టమ్ కారణం అడుగుతుంది. అడగకుండా నొక్కేయొచ్చు, ఇదివరకు నొక్కినట్టే. కానీ అడిగాను, కారణం ఏం పెట్టమంటారని. కారణం చెప్పాలా అండీ అంది.

అక్కర్లేదన్నాను. కస్టమర్ రిక్వెస్ట్ నొక్కాను. ఈసారి నిజమే.

పాత కార్డు మీద గుండీ అలాగే ఉండిపోయింది. రద్దయిన కార్డులు ముక్కలు చేసే మిషన్లో పడింది. అమ్మ కొత్త కార్డు చేతిలోకి తీసుకుని నాలుగు మూలలూ తడిమి చూసింది.

మార్చి 28, శనివారం

క్లాసు రోజు కాదు. అమ్మ పొద్దున్నే బయటికెళ్లింది. ఎక్కడికని అన్నయ్య నా వైపు చూశాడు, అలవాటుగా. వదిన కూడా చూసింది.

తెలియదన్నాను.

నా యూనిఫాంకి ఇప్పుడు రెండు గుండీలు లేవు.