రెండు గిలాసల నీళ్లు

మడికొండ, వరంగల్
21 ఫిబ్రవరి 2025, శుక్రవారం

నా బిడ్డ సబియాకు అమ్మ షహజాదీ సలాం. అల్లుడు షారుఖ్‌కు, పిల్లలిద్దరికీ దువాలు.

మేమిక్కడ క్షేమం, మీరక్కడ క్షేమమని తలుస్తాను అని మొదలుపెట్టాలని మా బడిలో నేర్పారు. సరే, క్షేమమే అనుకో. నిన్న డయాలసిస్ అయింది, ఈరోజు జుమ్మా, ఒంట్లో కొంచెం సత్తువ ఉంది. ఫోన్ ఉండగా ఈ చిట్టీ ఏమిటని నవ్వకు. ఫోన్‌లో నేను ఒక మాట చెప్పేలోపు నువ్వు పది అరుస్తావు, తర్వాత ఇద్దరం ఏడ్చి పెట్టేస్తాం. చిట్టీలో అయితే నువ్వు నడుమ అడ్డం రాలేవు. రేపు మీ జావీద్ మామ మరిపెడ వస్తున్నాడు, ఆయన చేతికిస్తాను.

మొదట చిన్న సంగతి. మొన్నటి ఆదివారం కాదు, అంతకు ముందు ఆదివారం నేను నీతో చెప్పినట్టు మామ ఇంట్లో లేను. వైజాగ్ పోయాను. సముద్రం ఒడ్డున గుడారం వేసుకుని పడుకున్నాను. అదిగో, కళ్లు పెద్దవి చేశావు! తిట్టుకుంటూనే చదువు, కానీ ఆఖరిదాకా చదువు.

మంగళ, గురు, శనివారాల్లో దవాఖానలో నా పక్క మంచం సారయ్యన్నది. చౌరస్తాలో సోడా బండి నడిపినవాడు, నువ్వు చూశావు. ఊరందరి దప్పిక తీర్చినవాడికి రోజుకు రెండు గిలాసల నీళ్లే అని డాక్టర్ చెప్పిన రోజు, గదంతా వినబడేట్టు నవ్వి, నవ్వుతూనే ఏడ్చాడు. ఆయన సముద్రం ఎన్నడూ చూడలేదు. చెల్లె, ఒక్కపారి చూసి పోత, అని మిషన్ మీద ఉన్నంతసేపూ నా చెవి కొరికేవాడు. అటు మంచం మీది లిదియా టీచర్ వాళ్ల చర్చి పిల్లల క్యాంపు గుడారాలు అడిగి తెచ్చింది. మాకు మిషన్ పెట్టే ఫ్రాన్సిస్, నేను కూడ వస్త, మీరు ఆగమైతరు, అని సెలవు పెట్టాడు. సారయ్యన్న కొడుకు యాదగిరి సామాన్లు మోయడానికి వచ్చాడు. శనివారం మిషన్ మీదినుంచి లేచి గోదావరి రైలు ఎక్కడం, మంగళవారం పొద్దటికి మళ్లీ మంచం మీదికి రావడం, ఇదీ ప్లాన్. రైలు కదలకముందే ఫ్రాన్సిస్ అందరితో ఒట్టు పెట్టించాడు, రెండు గిలాసలు దాటొద్దు, అరటిపండు వద్దు, కొబ్బరి బోండాం అసలే ముట్టొద్దు అని. మా కిడ్నీలకు బోండాం విషమని నీకు తెలుసు కదా.

సముద్రం చూడగానే సారయ్యన్న చెప్పులు విడిచి దండం పెట్టాడు. ఓయమ్మ, గిన్ని నీళ్లు నువ్వే పెట్టుకొని మాకు రెండు గిలాసలా, అని దాంతో కొట్లాట పెట్టుకున్నాడు. మేము నవ్వలేక చచ్చాం. బిడ్డా, రోగం వచ్చిన నాటినుంచి నేను అట్లా నవ్వలేదు. లిదియా టీచర్, నేను చీరలు తడుపుకుంటూ చిన్నపిల్లల్లా నిలబడ్డాం.

ఇంతలో ఆ పని జరిగింది. దప్పికైతే గుక్కెడు నీళ్లు నోట్లో పోసుకుని, పుక్కిలించి ఉమ్మేయమని మాకు దవాఖానలో నేర్పారు. అందరికీ అదే అలవాటు. సారయ్యన్న మోకాళ్లలోతు నీళ్లలో నిలబడి, గొంతు ఎండితే, అలవాటు కొద్దీ దోసెడు ఎత్తి నోట్లో పోసుకున్నాడు. సముద్రం నీళ్లు ఉప్పన అని తెలియనివాడు ఎవడుంటాడు? కానీ చెయ్యి దాని పని అది చేసుకుపోయింది. థూ థూ అని ఉమ్ముతుంటే మళ్లీ నవ్వాం. ఆ నవ్వు నా గొంతులో ఇప్పటికీ ముల్లులా ఉంది.

ఆ ఉప్పుకు సాయంత్రమంతా ఆయనకు నాలుక పీక్కుపోయింది. లిదియా టీచర్ లవంగం ఇచ్చింది, నేను ఏలక్కాయ ఇచ్చాను. పొద్దుగూకే వేళ, జర అటు తిరిగొస్త, అని లేచి పోయాడు. తిరిగొచ్చినప్పుడు ముఖం తేటగా ఉంది. తగ్గిందనుకుని మేమూ పడుకున్నాం.

తెల్లారి తొట్లకొండ ఎక్కాం. కొండ మీదికి బండి పోతుందిలే. ఎప్పుడో రెండు వేల ఏళ్ల కిందట బౌద్ధ సన్యాసులు ఉన్న జాగా. గుండ్రటి స్తూపం అడుగు, ఇటుకల గదుల మొదళ్లు మిగిలాయి. గోడలు లేవు, గడపలున్నాయి. వాన నీళ్లు పట్టుకోవడానికి రాయిలో తొలిచిన తొట్లు చూపించి, వాటి మీదనే కొండకు ఆ పేరని లిదియా టీచర్ చెప్పింది. సారయ్యన్న తొట్టి పక్కన రాయి మీద కూలబడ్డాడు. కాళ్లు దూదయినట్టున్నయి చెల్లె, అన్నాడు. తర్వాత దొంగతనం చెప్పే పిల్లవాడిలా నా చెవి దగ్గరికి వంగి, నిన్న రెండు బోండాలు తాగిన, పానం ఎంత నిమ్మలమైందో, ఫ్రాన్సిస్‌కు చెప్పకు, అన్నాడు.

నేను గట్టిగా ఫ్రాన్సిస్‌ను పిలిచాను. ఆ పిల్లవాడు నాడి పట్టుకుని, బండి తీయమని అరిచాడు. యాదగిరి తండ్రిని వీపు మీద వేసుకుని బండి దాకా ఉరికాడు. దవాఖాన గేటు కనబడుతుండగానే సారయ్యన్న గుండె ఆగిపోయింది.

సబియా, నేను ఈ చిట్టీ రాయడానికి కారణం సారయ్యన్న కాదు, యాదగిరి. ఆ దవాఖాన వరండాలో వాడు గోడకు తల బాదుకున్నాడు. నా కిడ్నీ కలిసుంటే నాయన బతుకుతుండె, గాయిన కొడుకునై పుట్టి ఏం ఫాయిదా, అని ఒకటే ఏడుపు. రక్తం గ్రూపే వేరని డాక్టర్లు చెప్పిన్రు కద, నీ తప్పేముంది, అని లిదియా టీచర్ ఎంత చెప్పినా వినడే. ఆ మాట నేను ఇంతకు ముందు విన్నాను బిడ్డా. పోయిన వానాకాలం నీ కిడ్నీ నాకు కలవలేదని విన్న రోజు నా మంచం పక్కన కూర్చుని, నా చెయ్యి నీ చెంపకు ఆనించుకుని, నీ కడుపున పుట్టి ఏం ఫాయిదా అమ్మా, అన్నావు నువ్వు. అప్పటినుంచి నా ముఖంలోకి సరిగ్గా చూడడం మానేశావు. పండుగకొస్తే వంటింట్లోనే తిరిగావు.

మంగళవారం మేం మళ్లీ మిషన్ ఎక్కాం. సారయ్యన్న మంచం మీద కొత్తాయన పడుకున్నాడు. రోజుకు ఎన్ని నీళ్లు తాగొచ్చని నన్ను అడిగాడు. లిదియా టీచరే చెప్పింది, రెండు గిలాసలని.

పిల్లలకు నా ముద్దులు. పెద్దదానికి గవ్వలు తెచ్చాను, మామ దగ్గర పంపుతున్నాను.

నీ కోసం దువా చేసే
అమ్మ

తా.క.: బిడ్డా, నీది కలిసింది. రక్తం కలిసింది, అన్ని పరీక్షలూ కలిశాయి. ఆ రోజు నువ్వు పిల్లల్ని పట్టుకుని బయట కూర్చున్నప్పుడు డాక్టరమ్మ నవ్వుతూ నాతో చెప్పింది. కలవలేదని నీతో చెప్పింది నేనే. చిన్నది నీ కొంగు పట్టుకుని నిలబడి ఉంది. నిన్ను కోతకు పంపడానికి నాకు మనసు రాలేదు. నీళ్లు పైనుంచి కిందికే పోవాలి, తల్లి బిడ్డకు ఇవ్వాలి గానీ తీసుకోవడమేమిటి అనుకున్నాను. ఇప్పుడు నీది తీసుకుంటానా అని అడిగితే ఏం చెప్పాలో నాకు తెలియదు. సారయ్యన్న పోయినాక నాకూ భయమవుతోంది. కానీ రేపు నాకేమైనా అయితే, నా అబద్ధానికి నువ్వు యాదగిరిలా తల బాదుకోవద్దు. నీ రక్తంలో ఏ లోపమూ లేదు, తప్పంతా నాది. కోపమొస్తే రా, వచ్చి తిట్టు. నేనుండగానే తిట్టు.