రెండో తరం చుక్కలు

డెలానీపూర్,
ఆగస్టు 4

ప్రియమైన ఎలీనాకు,

పెద్దమ్మ దీవెనలు. నువ్వు బెంగళూరు వెళ్ళినప్పటి నుంచీ నా కళ్ళకు అంతా మసకే. అందుకే ఇంత పెద్ద అక్షరాలు. నీ ఉత్తరాలన్నీ మన పక్కింటి ఇవానే చదివి వినిపిస్తున్నాడు. నేను నడిపే చర్చి పాటల బృందంలో వాడితో కలిపి నలుగురే మిగిలారు. ఇక్కడి బడిలో హిందీయే చదువుకున్నవాళ్ళు కదా, తెలుగు పాటల్ని హిందీ అక్షరాల్లో రాసుకుంటామంటున్నారు. నేను ఒప్పుకోలేదు. అంత దూరంలో ఉండి ఎలీనా తెలుగు రాయడం లేదా అని సిగ్గుపెట్టాను. క్రిస్మస్ లోపు తెలుగు అక్షరాలు నేర్వకపోతే బృందమే ఉండదని చెప్పేశాను. ఈ పాటలు మా తరంతోనే ఆగిపోతాయేమోనని దిగులుగా ఉంది.

నీ పరిశోధనలో నువ్వు చూసే నక్షత్రాల గుంపుల్లో అన్నీ ఒకే ఈడువా?

నీ పెద్దమ్మ,
ప్రేమావతి


బెంగళూరు,
ఆగస్టు 19

ప్రియమైన పెద్దమ్మా,

నీ ఉత్తరం కూడబలుక్కుని చదివాను. నా తెలుగును అంత పొగడకు, భయమేస్తోంది.

నువ్వడిగిందే మేమూ అడుగుతున్నాం. గుంపంతా ఒకే కాన్పు అని చాలాకాలం అనుకున్నారు. తర్వాత వెలుగును విడదీసి చూస్తే, పాత గుంపుల్లో చాలా నక్షత్రాల్లో సోడియం ఎక్కువగా కనిపించింది. మన ఉప్పులో ఉండేదే. అంత సోడియం అవి సొంతంగా చేసుకోలేవు. ముందు పుట్టినవి విడిచిన వాయువులోంచి ఇవి పుట్టి ఉండాలి. కానీ ఆ ముందు తరం విడిచింది ఇన్నింటికి చాలదు. బయటి వాయువు కూడా వచ్చి కలిసిందని కొందరంటారు. అసలేం జరిగిందో ఇంకా ఎవరూ తేల్చలేదు. అదే నన్ను వదలడం లేదు.

బృందాన్ని మాత్రం ఆపేయకు.

ప్రేమతో,
ఎలీనా


డెలానీపూర్,
అక్టోబరు 12

ప్రియమైన దొంగపిల్లా,

ఆపరేషన్ అయింది, చూపు వచ్చింది. మొట్టమొదట నీ నక్షత్రాల ఉత్తరమే చేతిలోకి తీసుకున్నాను. ఒక్క ముక్క చదవలేకపోయాను. అన్నీ హిందీ అక్షరాలే, తెలుగు మాటల్నే వాటిలో రాశావట. పాతవన్నీ తీసి చూశాను, అవీ అంతే. నిన్ను చూపించి ఎవణ్ణి సిగ్గుపెట్టానో, ఆ ఇవానే ఇన్నాళ్ళూ వాటిని తడుముకోకుండా తెలుగులో చదివాడు. ఎందుకు చెప్పలేదని అడిగాను.

"మీరు ఖుష్‌గా వినేవాళ్ళు కదా ఆంటీ, అందుకే చుప్ ఉండిపోయాను" అన్నాడు.

నీ మీద కోపం వచ్చింది. కాసేపటికి నవ్వూ వచ్చింది.

ఆదివారం వాళ్ళ హిందీ కాగితాలు పట్టుకునే పాడమన్నాను. కళ్ళు మూసుకుని విన్నాను. మా అమ్మ పాడిన పాటే. ఒకచోట రాగం వేరుగా సాగదీశారు. ఎక్కడిదో తెలియలేదు, బాగుంది. ఇక బృందం ఆగదు.

మీ నక్షత్రాల సంగతి తేలినా తేలకపోయినా రాయి. నీకొచ్చిన అక్షరాల్లోనే రాయి. ఇవాన్ నాకవి నేర్పుతున్నాడు. ఈసారి నీ ఉత్తరం నేనే చదువుకుంటాను.

ముద్దులతో,
నీ పెద్దమ్మ