రేడియేటర్‌లో బోరు నీళ్లు

బెంగళూరు,
ఆదివారం

అన్న ఓబులేసుకు,

చెల్లెలు నాగవేణి నమస్కారం చేసి రాసుకునే సంగతులు. ఇక్కడ నేను బాగున్నాను. అక్కడ అమ్మ, నువ్వు, వదిన బాగున్నారని తలుస్తాను. నాయన కూడా బాగున్నాడనే మొన్న గురువారం దాకా అనుకున్నాను. బాగాలేడని, ఇరవై రోజుల నుంచి మీరంతా కూడబలుక్కుని నాకు అబద్ధం చెబుతున్నారని గురువారం తెలిసింది.

ఫోన్లో తిట్టవచ్చు. కానీ నేను గొంతు పెంచితే నువ్వు "సిగ్నల్ లేదు" అని పెట్టేస్తావు. అందుకే కాగితం తీసినాను. నువ్వు ఏడో తరగతి దాకా చదివినావు. నిదానంగానైనా చివరిదాకా చదువు. వదినను పక్కన కూర్చోబెట్టుకుని పైకి చదువు.

మన వీధి షమీమ్ ఇక్కడ నర్సింగ్ చదువుతోంది కదా. ఊరి నుంచి వస్తూ అమ్మ పంపిన చెనక్కాయల పొడి తెచ్చి ఇచ్చింది. నేను డబ్బా మూత తీసి వాసన చూస్తుంటే అడిగింది.

"మామకు చెయ్యి మానిందా అక్కా?"

"ఏ చెయ్యి?"

"అయ్యో, నీకు చెప్పలేదా? కారులో ఉడుకు నీళ్లు మీద పడినాయి కదా. మోచేతి నుంచి మణికట్టు దాకా బొబ్బలు. పైన టూత్‌పేస్టు పూసి కూర్చోబెట్టినారు. నేనే కడిగి, ఆస్పత్రికి తీస్కపోండని అరిచి వచ్చినా."

ఈ ఇరవై రోజుల్లో నాయనతో వీడియోలో నాలుగుసార్లు మాట్లాడినాను. నాలుగుసార్లూ గడ్డం కింద నుంచి కుడి చేతి దాకా తువ్వాలు కప్పుకొని ఉన్నాడు. "ఏంది నాయనా, ఈ ఎండల్లో తువ్వాలు?" అంటే "చలి పెడతాంది పాపా" అని నవ్వినాడు. పులివెందులలో ఈ నెలలో చలి! నేను నమ్మినాను. నమ్మినందుకు నా మీద నాకే కోపం వస్తోంది.

వదినకు ఫోన్ చేస్తే మొదట "ఏం లేదు పాపా" అనింది. నేను ఏడ్చినాక చెప్పింది. ప్రొద్దుటూరులో వదినకు స్కానింగ్ తీయించుకొని తిరిగి వస్తున్నారు. ముద్దనూరు దాటినాక వేడి చూపించే సూది ఎర్ర గీత దాటింది. నువ్వు బండి ఆపి, ఇంజను ఇంకా బుసకొడుతుండగానే "నాయనా, మూత తిప్పి నీళ్లు పొయ్యి" అన్నావు. నాయన తువ్వాలు చేతికి చుట్టుకొని మూత తిప్పినాడు. గొర్రెలు కాసుకునే మనిషి, ఆయనకేం తెలుసు? లోపల నీళ్లు ఒత్తిడి మీద మరుగుతుంటాయని, మూత సగం తిరిగితే చాలు ఎగజిమ్ముతాయని తెలిసి ఉండాల్సింది నువ్వు. చెయ్యి కాలింది, గడ్డం కింద కాలింది. కంటికి రెండు వేళ్ల దూరంలో తప్పింది. అంత జరిగినాక కూడా నువ్వు మిగిలిన చల్లనీళ్లు ఆ ఉడికే ఇంజన్లోనే పోసి ఇంటికి తోలుకొచ్చినావు.

ఈ గురువారం సాయంత్రమే నీకు ఫోన్ చేసినాను. నువ్వేమన్నావో మర్చిపోయి ఉంటావు. నేను మర్చిపోలేదు.

"ఏంది వేణీ, ఇంత రాద్ధాంతం చేస్తాండావు? మెకానిక్కు సూపించినా. లోపల ఏదో వాల్వు ఉంటే పీకేసినాడు. ఇంగ వేడెక్కదంట."

"ఆ వాల్వు పీకకూడదన్నా. ఇంజను వేడి సమానంగా ఉంచేది అదే. రోగం రేడియేటర్‌లో ఉంటే వాల్వు పీకి ఏం లాభం?"

"నువ్వు ఆడ బల్ల ముందర కూచోని కార్డులు రాసేదానివి. మెకానిక్కువా ఏంది?"

అవును, కార్డులు రాసేదాన్నే. ఈ సర్వీస్ సెంటర్‌కు వచ్చి ఏడాదిన్నర. రోజుకు పాతిక బండ్లు వస్తాయి. బండి తెచ్చినాయన చెప్పేది విని, మెకానిక్ విప్పి చూపించింది చూసి, రెండూ కార్డు మీద రాస్తాను. మొదట్లో ఇక్కడ కూడా "మేడమ్, ఎవరైనా మగవాళ్లను పిలవండి" అనేవాళ్లు. ఇప్పుడు కొందరు నా పేరు అడిగి మరీ వస్తున్నారు. వాళ్లెవరూ నా అన్నలు కాదు. నా అన్నవు నువ్వు, నా మాట వినలేదు.

ఇప్పుడు అసలు సంగతి. వదిన చెప్పింది, నువ్వు ఆ రేడియేటర్‌లో మన బోరు నీళ్లు పోస్తున్నావని. రెండు బోర్లు ఎండిపోయి మూడో దాంట్లో నీళ్లు పడినప్పుడు మనమంతా ఎట్లా గంతులేసినామో నాకు గుర్తుంది. పసుపు కుంకుమ వేసి మొక్కి, ఆ నీళ్లు ఇంటింటికీ చెంబుతో ఇచ్చినాము. నువ్వు కారు కొన్నప్పుడు కూడా గంగమ్మ నీళ్లని అవే పోసినావు. భక్తి మంచిదే. కానీ ఆ నీళ్లు కాచే తపేలా అడుగు చూడు. సున్నం కొట్టినట్టు తెల్లటి పెచ్చు కడుతుంది కదా, అమ్మ నెలకోసారి రాయి పెట్టి గీకుతుంది కదా. రేడియేటర్ లోపల సన్నని గొట్టాలుంటాయి. వాటిలోనూ అదే పెచ్చు కడుతుంది. అక్కడ రాయి పెట్టి గీకే అమ్మ లేదు. గొట్టాలు మూసుకుపోతే నీళ్లు తిరగవు, ఇంజను కాగుతుంది. మోటారు కాలువలో పారే నీళ్లకు చెనక్కాయ పండుతుంది, నిజమే. కారు పండదు.

దాంట్లో కూలెంట్ పోయాలి. పచ్చగానో ఎర్రగానో ఉండే మందు నీళ్లు. కలిపి అమ్మేది ఉంటుంది, అదే తీసుకో. చిక్కటిది ఇస్తే బ్యాటరీలో పోసే డిస్టిల్డ్ వాటర్ కలపాలి, బోరు నీళ్లు కాదు. ముందు రేడియేటర్ విప్పించి లోపల కడిగించు. కడిగినా గొట్టాలు తెరుచుకోకపోతే రేడియేటరే మార్చాలి. వాల్వు కొత్తది వేయించు. మూత మార్పించు, దాని రబ్బరు పోయి ఉంటుంది. రబ్బరు పైపులు వేలితో నొక్కి చూడు. మెత్తగా ఉబ్బి ఉన్నా, నెర్రెలిచ్చినా మార్చు. ముందర ఫ్యాను తిరుగుతోందో లేదో కళ్లతో చూడు, మెకానిక్ చెప్పినాడని వదిలేయవద్దు. ఇంజన్ ఆయిల్ కొలిచే పుల్ల బయటికి తీసి చూడు. నూనె పాలు కలిసిన టీ రంగులో ఉంటే లోపల నీళ్లు చేరినట్టు. అప్పుడు బండి ఒక్క అడుగు కూడా కదిలించవద్దు. ఇదంతా పులివెందులలో కాకపోతే జమ్మలమడుగులో, లేదంటే ప్రొద్దుటూరులో చేయించు. ఈ కాగితం తీసుకుపోయి మెకానిక్ చేతిలో పెట్టు. సిగ్గయితే నీ చెల్లెలు రాసిందని చెప్పవద్దు.

ఇంకెప్పుడైనా సూది పైకి పోతే బండి పక్కకు తీసి ఇంజను ఆపు. అరగంటకు తక్కువ కాకుండా ఊరికే కూర్చో. మూత చేతికి చల్లగా తగిలితేనే తిప్పు. అంత ఓపిక లేకపోతే బండి తోలవద్దు.

ఇంత దూరం రాసినాక ఒక మాట దాచితే నేనూ మీలాంటిదాన్నే అవుతాను. జమ్మలమడుగు నుంచి ఆ పాత కారు తెచ్చిన పొద్దు జ్ఞాపకం ఉందా? ముందర అరలో ఇంగ్లీషు పుస్తకం దొరికింది. నువ్వు మంచం మీద నన్ను కూర్చోబెట్టి, చుట్టూ అందరినీ పిలిచి, "మా చెల్లెలు డిగ్రీ సదివింది. మన ఇంట్లో మొదటి డిగ్రీ. అంతా సదివి చెప్తాది సూడండి" అన్నావు. నేను చదివి చెప్పినాను. టైర్ల గాలి, ఆయిలు, లైట్లు. ఇంజను చల్లబరిచే పేజీ వచ్చింది. ఒక్క ముక్క అర్థం కాలేదు. అందరూ నా నోటి వంకే చూస్తున్నారు. అర్థమైనట్టు తలాడించి పేజీ తిప్పేసినాను. నువ్వు ఆపి, "దాంట్లో ఏముంది?" అని అడిగినావు. "ఏం లేదు, నీళ్లు చూసుకోమన్నారు" అన్నాను. ఇక్కడ చేరిన మొదటి నెలలోనే ఆ పేజీలో ఏముందో తెలిసింది. అప్పుడైనా ఫోన్ చేసి "తప్పు చెప్పినాను అన్నా" అనాల్సింది. మన ఇంట్లో చదివినదాన్ని కదా, నోరు రాలేదు. నాయన చేతి మీద ఆ బొబ్బల్లో సగం నావి. ఇది రాసినందుకు నీ మీద కోపం తగ్గిందనుకోవద్దు. తగ్గలేదు. నేను సిగ్గుపడి చెప్పలేదు. నీకు చెప్పినాక కూడా నువ్వు వినలేదు.

ఇక్కడ వారం నుంచి సన్నటి వాన. దుప్పటి ఆరదు, తడి జాకెట్ వేసుకుని పనికి పోతున్నాను. హాస్టల్ సాంబారులో బెల్లం వేస్తారు, ఎన్నాళ్లు తిన్నా అలవాటు కావడం లేదు. సంగటి దొరుకుతుంది గానీ మన రుచి లేదు. అమ్మ పంపిన పొడి ఇప్పటికి నాలుగు పూటలు నిలిచింది. షమీమ్ మళ్లీ వచ్చేటప్పుడు కొంచెం ఎక్కువ పంపమని చెప్పు. నేను ఒంటరిగా ఉన్నానని అమ్మను దిగులు పడవద్దను. దిగులుకు నాకు తీరిక లేదు, కోపానికే సరిపోతోంది.

నాయనను రోజు మార్చి రోజు కట్టు మార్పించుకోమను. ఎండలో గొర్రెల వెంట పోనివ్వవద్దు. టూత్‌పేస్టు మాట ఇంకోసారి వినబడితే నేనే బస్సు ఎక్కి వస్తాను.

ఇక వదిన సంగతి. వదినకు తొమ్మిదో నెల వస్తోంది. నొప్పులు మొదలైతే ఆ కారులోనే ప్రొద్దుటూరు తీసుకుపోతానని అందరికీ చెబుతున్నావంట. రెండు గంటల దారి. సూది ఎర్రకు పోతే వదిన రోడ్డు పక్కన అరగంట ఆగుతుంది, బిడ్డ ఆగదు. అందుకే నిన్న వదినతో విడిగా మాట్లాడినాను. "బానెట్ కింద కూలెంట్ పోసే ప్లాస్టిక్ డబ్బాలో రంగు నీళ్లు రెండు గీతల నడుమ కనబడితేనే బండి ఎక్కు వదినా. వట్టి నీళ్లలా తెల్లగా కనబడితే ఎక్కవద్దు. 108కు ఫోన్ చెయ్యి" అన్నాను. వదిన "మీయన్న బాధపడతాడేమో పాపా" అనింది. "పడనీ" అన్నాను. "సరే, డబ్బా యాడుంటాది, చెప్పు" అని అడిగింది. బానెట్ ఎట్లా ఎత్తాలో, డబ్బా ఎడమ పక్క ఎట్లా వెతకాలో ఫోన్లోనే చెప్పినాను. నువ్వు గొర్రెల దొడ్డి దగ్గర ఉన్నప్పుడు వదిన ఒకసారి ఎత్తి చూసింది కూడా. తెల్లగా ఉన్నాయంట.

పెళ్లయినప్పటి నుంచి వదిన నీ మాటకు ఎదురు చెప్పింది లేదు. ఈ ఒక్కసారి చెబుతుంది. ఈ వారంలోపల కారు బాగు చేయించు.

నాయనకు, అమ్మకు పాదాలంటి మొక్కుతున్నాను, దీవించమను. వదినకు, పుట్టబోయే బిడ్డకు నా ముద్దులు. వీధిలో పెద్దలందరినీ అడిగినానని చెప్పు.

నీ మేలు కోరే, నీ మీద కోపంగా ఉన్న చెల్లెలు,
నాగవేణి