మిరియానికి తోడు

కార్వేటినగరం, 12-8-2025

చి. రూపశ్రీకి అవ్వ దీవెనలు. ఈ ఇంట్లో పైకి అనకూడని మాట కనుక ఫోను చేయక కార్డు రాస్తున్నాను. నీ రెండు గినీ పిగ్గుల్లో చనిపోయిన బెల్లాన్ని కరివేపాకు చెట్టు కింద పాతించాను కదా. ఇప్పుడు అక్కడి నుంచి దాని కూతే వినిపిస్తోంది. గూట్లో మిగిలిన మిరియం ఆ కూతకు బదులు పలుకుతూ మేత ముట్టడం మానేసింది.

“ఏదో పిట్ట కూస్తోందిలేవే” అన్నాను.

“పిట్ట యాడుండాదమ్మా? సూడు!” అంది పనిచేసే నాగవేణి. “జతను పిలుస్తా ఉండాది.”

చెట్టు మీద పిట్ట లేదు. జత లేక ఇవి బతకవని పశువుల డాక్టరూ అన్నాడు. మిరియం దక్కాలంటే ఇవి జరగాలి:

1. కార్డు అందిన రోజే ఇంకొక ఆడ గినీ పిగ్గును కొనుక్కుని రా.
2. తోడుందనుకునేలా గూట్లో అద్దం పెట్టమనకు. పెట్టాను, మిరియం దాని వెనక్కి వెళ్ళి వెతికింది.
3. గేటు దగ్గర ఆ కూత వినబడితే నువ్వు పలకవద్దు. నేరుగా లోపలికి రా.