శనివారం దాకా మోగకూడని గంట

పవిత్ర గురువారం, 1948. చివ్వెంల.

పొద్దున పూజ కాగానే గుడి గంట తాడు నేనే పైకి కట్టేశాను. ప్రభువు శ్రమల జ్ఞాపకంగా శనివారం పూజ దాకా గంట కొట్టకూడదు, చెక్క గిలక్కాయే ఆడించాలి. పదిహేనేళ్లుగా ఈ గుడిలో జపాలు నేర్పే ఉపదేశిని. ఈసారే తాడు కట్టాక ఊరి బాట వైపు చూశాను. రజాకార్ల లారీలు దాడికొస్తే ఊరిని లేపేది ఆ గంటే. గిలక్కాయ చప్పుడు పక్క వాడకు కూడా వినపడదు.

సాయంత్రం గొర్లు కాసే మల్లయ్య వచ్చాడు. “పంతులూ, గీ రెండు రాత్రులు మీ గంట మోగదంట గద. మరి మమ్ముల ఎవరు లేపాలె?”

చీకటి పడ్డాక వెళ్లి, ఒక్క గుంజుకు ఊడేలా ముడి మార్చి కట్టాను. పాపసంకీర్తనలో తప్పులు ఒప్పుకునేటప్పుడు ఫాదరుకు ఏమని చెప్పాలి? కొట్టలేదు గాని…

ఇందాక కిటికీలోంచి చూశాను. మల్లయ్య ఆ తాడు కిందే గొంగడి కప్పుకొని పడుకున్నాడు. కళ్లు తెరిచే ఉన్నాయి.