గడిలో పట్టే మాట

గుమాస్తా గారికి,

మా తమ్ముడి ఆత్మహత్య గురించి మీ పోలీసు స్టేషనులో నింపిన కాగితంలో, కారణం అన్న గడిలో, మీరు “కడుపునొప్పి” అని రాశారు. నలభై రెండేళ్లలో వాడికి ఒక్కసారైనా కడుపునొప్పి రాలేదండీ. అడిగితే, “అందరికీ అదే రాస్తామమ్మా, గడి చిన్నది” అన్నారు. గడి చిన్నదైతే లేని నొప్పి అంటగడతారా? మూడుసార్లు తిరిగాను. మూడుసార్లూ, “మరేం రాయమంటారో మీరే చెప్పండి” అన్నారు.

అదే కదా నా బాధ, నాకూ తెలియదు. గొడవలా, జబ్బా అని చుట్టాలు నా ప్రాణం తోడేస్తున్నారు. అవేమీ లేవు.

వాడు కుట్టుమిషన్లు బాగుచేసేవాడు. ముందురోజు నా కొట్టుకొచ్చి, “అక్కా, కాసేపు మాట్లాడాలే” అన్నాడు. నేను బడి యూనిఫారాలు కుడుతూ, తలెత్తకుండానే, “చావడానికి కూడా తీరిక లేదురా” అన్నాను. నవ్వాడు. అడక్కపోయినా పక్క మిషనుకు నూనె వేసి వెళ్లిపోయాడు.

అదే కారణమని రాయమనడం లేదు. కడుపునొప్పి మాత్రం కొట్టేసి, “తెలియదు” అని రాయండి. చిన్న మాటే, గడిలో పడుతుంది.

ఆ రోజు తలెత్తని
అక్క